నూనె రబ్బరు వాసన

రబ్బరంత మోసకారి వస్తువు ఇంకోటి లేదు. చెట్టుపాలతో చేసిందీ నల్లగానే ఉంటుంది, రసాయనాల్లో పుట్టిందీ నల్లగానే ఉంటుంది. వేలితో నొక్కితే రెండూ ఒకేలా లోపలికి పోయి ఒకేలా పైకి లేస్తాయి. అసలు రంగు బయటపడేది పనిలో పెట్టాకే. ఇంజన్ల కిందా పంపుల కిందా పెద్ద పెద్ద ఫ్యాన్ల కిందా వేసే అదురు దిమ్మలు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. యంత్రం ఎంత వణికినా ఆ వణుకు నేలకి, గోడలకి పాకకుండా దిమ్మే మింగేయాలి. తప్పు రబ్బరుతో చేసిన దిమ్మ కొన్నాళ్లు బాగానే మింగి, ఒకనాడు ఉబ్బిపోతుంది, లేదా బీటలు వారుతుంది. అప్పుడు యంత్రం ఒక పక్కకి ఒరుగుతుంది. ఒరిగిన యంత్రం కింద ఎవరి చెయ్యుందో, ఎవరి కాలుందో అది చూసుకోదు కదా.

ఏ రబ్బరు ఏదో ముందే చెప్పగలిగిన మనిషి ఆ ఫ్యాక్టరీలో ఒక్కడే. ఆయన్ని అందరూ ముక్కాయన అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

రబ్బరు కలిపే మిల్లుల నుంచి నల్లటి పలకలు బళ్లలో వచ్చేవి. వాటి మీద సుద్దతో ఏదో రాసి ఉండేది కానీ, మిల్లువాళ్ల రాతను నమ్మడం కంటే వాన మబ్బును నమ్మడం మేలు. ముక్కాయన పలక మూల నుంచి చిన్న ముక్క కోసి, పట్టకారుతో పట్టుకుని అంటించి, ఉఫ్ మని ఊదేసి, లేచిన పొగను కళ్లు మూసుకుని పీల్చేవాడు. ఆ కాసేపూ షెడ్డులో మాట వినిపించేది కాదు. "పాల రబ్బరు. నూనె దగ్గరికి పంపకండి, ఉబ్బి చస్తుంది" అనేవాడు. అంతే, ఇక దానికి అప్పీలు లేదు. పరీక్షలకి పంపితే కాగితాలు రావడానికి రోజులు పట్టేది కనక, యజమాని కూడా ఆ ముక్కునే నమ్ముకున్నాడు.

ఇంత విద్య ఉన్నవాడికి కాస్త కనికరం కూడా ఉండొచ్చు కదా. లేదు. ఎవడైనా ఒక పలక బదులు ఇంకో పలక అచ్చులో వేశాడా, వాడి మెడ పట్టుకుని, కాలుతున్న ముక్కను వాడి ముక్కు కింద పెట్టి, వాడు దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకునేదాకా వదిలేవాడు కాదు. "గుర్తుంటుంది, నాయనా, ఇక జన్మలో మర్చిపోవు" అనేవాడు ముద్దుగా. ఎవడు రాత్రి తాగాడో, ఎవడు స్నానం చేయలేదో పొద్దున్నే అందరి ముందూ చాటింపు వేసేవాడు. ఎదురుగా "ముక్కుసూటి మనిషండీ" అనేవారు. వెనకాల అనేవి ఇక్కడ రాయకూడదు.

ఆయనకి మధ్యాహ్నం భోజనం డబ్బా తెచ్చేది ఆయన భార్య. ఇల్లు ఫ్యాక్టరీ వెనక గోడకి ఆనుకునే ఉంది. అందుకని ఆవిడ డబ్బా పిన్ని అయింది. ఈ కథ నిజానికి ఆవిడది.

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ముక్కాయన తీర్పులు మొదలయ్యేవి. "అన్నం అడుగంటింది." "పాలగిన్నె సరిగ్గా తోమలేదు." నలుగురు చుట్టాలు కూర్చుని తింటుంటే, వడ్డించడానికి ఆవిడ పక్కనుంచి వెళ్లినప్పుడు, "ఏమే, నీళ్లు కరువొచ్చాయా మనింట్లో?" అనేవాడు. చుట్టాలు పగలబడి నవ్వేవారు. చుట్టాలదేం పోయింది, తిండితోపాటు వినోదం కూడా దొరికింది. ఆవిడ ఆ గిన్నె పట్టుకునే వంటింట్లోకి వెళ్లి, గోడ వైపు తిరిగి కాసేపు నిలబడి, మళ్లీ వచ్చి వడ్డించేది.

అదంతా ఆవిడ దిగమింగింది. దిగమింగలేనిది కూతురి సంగతి.

ఒక్కతే కూతురు. కాలేజీలో చదువుకునేది. ఒక సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టగానే తండ్రి ఆ పిల్ల జడ పట్టుకుని దగ్గరికి లాగి పీల్చాడు. "పరాయింటి సబ్బు" అన్నాడు. "ఎవడింట్లో స్నానం చేసొచ్చావ్?" ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, తల్లి వైపు చూసి, నోరు మూసుకుంది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ముక్కాయన వీధి తలుపు బార్లా తీసి, ఇరుగుపొరుగు వినేలా, తన కూతురి దగ్గర ఎలాంటి వాసన వస్తోందో వివరంగా చెప్పాడు. రెండో రోజూ చెప్పాడు. మూడో రోజు ఆ పిల్ల బట్టలు సర్దుకుని హాస్టల్‌కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. చదువు మానేసి ఏదో పనిలో చేరిందని, తర్వాత ఎవరినో పెళ్లి చేసుకుందని కబురొచ్చింది. శుభలేఖ కూడా వచ్చింది. ముక్కాయన దాన్ని వాసన చూసి, "చవక జిగురు" అని పొయ్యిలో పెట్టాడు.

డబ్బా పిన్ని అప్పట్నుంచీ ఒకే కోరికతో బతికింది. కూతురు ఈ గుమ్మం తొక్కాలి. తను వండింది తినాలి. పుట్టిందని విన్న మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ఆ కోరికకి అడ్డం మొగుడు కాదు, మొగుడి మొహం మీదున్న ఆ ముక్కు అని ఆవిడ గట్టి నమ్మకం. దేవుడెవరైనా ఉంటే దాన్ని తీసుకుపొమ్మని అడిగేది.

తీసుకుపోయాడు. ఒక వానాకాలం ముక్కాయనకి జలుబు చేసి జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది. ఆయన మాత్రం ఇల్లంతా తిరుగుతూ ఉల్లిపాయలు చిదిమి చూసుకునేవాడు, సబ్బుబిళ్ల గోకి చూసుకునేవాడు, తువ్వాలు మొహానికి అదుముకుని కూర్చునేవాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆవిడకి తెలిసింది ఒక గిన్నె కూర వల్ల. ముందు రోజుది, పాసిపోయింది, పారబోద్దామని పక్కన పెట్టింది. పరధ్యానంలో అదే వడ్డించింది. గుర్తొచ్చి గిన్నె తీసేయబోయేలోగా ఆయన తిని, వేళ్లు నాకి, "ఇవాళ బాగా కుదిరిందే" అన్నాడు.

మొదటిసారి పొరపాటు. రెండోసారి పొరపాటు కాదు. ఆవిడ రోజుకో మెట్టు దిగి చూసింది. పులిసిన పాలు, పాచిపోయిన పప్పు, వీధిలో కుక్కలు కూడా పక్కకి తిరిగి పోయే మాంసం. మొగుడు తింటుంటే ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరేది. ఆయనకి కడుపు పాడైతే కషాయం కాచి, తల ఒళ్లో పెట్టుకుని తాగించేది కూడా. పతివ్రతంటే అలా ఉండాలి అని పక్కింటావిడ మెచ్చుకుంది. ఆవిడ జీవితంలో అంత సుఖంగా ఉన్న రోజులు అంతకు ముందు లేవు.

ఈలోగా ఫ్యాక్టరీలో ముక్కాయన గండాలు మొదలయ్యాయి. కొన్నాళ్లు అటూ ఇటూ దాటేశాడు. మండేటప్పుడు నల్లటి మసి కక్కిందా, తీయగానే ఆరిపోయిందా అని కళ్లతో చూసి కొన్నిటిని గుర్తుపట్టగలిగాడు. కానీ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పెద్ద పని వచ్చింది, వేడిలో ఎండలో వణికే ఫ్యాన్ల కింద దిమ్మలు. కళ్లతో అయ్యే పని కాదు. ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి, వంటింటి తలుపు మూసి, జేబులోంచి రెండు రబ్బరు ముక్కలు తీశాడు. ఒకటి అంటించి ఊది, ఆవిడ ముక్కు కింద పెట్టాడు.

"ఏం వాసనొస్తోంది?"

"కంపు."

"ఏ కంపే? సరిగ్గా చెప్పు."

"నాకెందుకండీ ఇవన్నీ? మీకు తెలీదా?"

ముక్కాయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "తెలీడం లేదే" అన్నాడు. "జ్వరం వచ్చినప్పట్నుంచీ ఏమీ తెలీడం లేదు. నువ్వు చూసి చెప్పు, నేను వాళ్లకి చెప్తాను. లేకపోతే ఫ్యాక్టరీలో నా పీట పోతుంది. వాళ్లందరూ ఎప్పుడెప్పుడా అని చూస్తున్నారు. నన్ను పీక్కు తినేస్తారు."

ఆవిడకి జాలి కలగాలి. ధర్మప్రకారం కలగాలి. "అమ్మాయిని ఇంటికి పిలుస్తారా?" అని అడిగింది.

పొయ్యి మీద నీళ్లు మరిగాయి. "సిమెంటు పని అవనీ" అన్నాడు చివరికి. "పిలుస్తాను."

అలా ఆవిడ చదువు మొదలైంది. గురువు సంగతి తెలిసిందే కదా, మారతాడా? ముక్కలు అంటించి, ఊది, ఆవిడ తల వెనకనుంచి పట్టుకుని పొగలోకి వంచేవాడు. ఆవిడ దగ్గేది, వాంతి చేసుకునేది, మొహం కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చునేది. వాసన చెప్పమంటే ఆవిడ తన వంటింటి భాషలోనే చెప్పింది. పాల రబ్బరు పాత చెప్పు కాలినట్టు, అడుగున కాస్త తియ్యగా ఉంటుంది. నూనెకి చెక్కుచెదరని, కాగితాల మీద నైట్రైల్ అని రాసే నూనె రబ్బరు గొంతులో చేదుగా గుచ్చుకుంటుంది. సూర్యుడి ముందూ ఉప్పుగాలి ముందూ తల వంచని ఎండ రబ్బరు, ఊదేసిన కొవ్వొత్తి లాగా మెత్తగా, మైనపు వాసన. ఇంకోటుంది, మంట తీయగానే ఆరిపోయి మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌లా ముక్కు మండిస్తుంది.

"ఇది బలమైందా అది బలమైందా అని చూడకు" అని చెప్పేవాడాయన. నిజం చెప్పుకోవాలి, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో కూడా ఒక వెలుగు వచ్చేది. "ప్రతి రబ్బరుకీ ఒక చావు ఉంటుంది. పాల రబ్బరుకున్న సాగుడు దేనికీ లేదు, కానీ నూనె చుక్క తగిలితే ఉబ్బి చస్తుంది. నూనె రబ్బరు ఎండకి చస్తుంది. ఎండ రబ్బరు నూనెకి చస్తుంది. అది వెళ్లే చోట ఏముందో కనుక్కో. దేనికి చస్తుందో తెలుసుకో. ఆ రెండూ కలవకుండా చూడు. మన విద్యంతా ఇంతే."

ఆవిడ బుర్రలో ఆ మాట దిగబడిపోయింది.

ఆవిడ ముక్కు మొగుడి ముక్కును మించింది. నూనె రబ్బరులో మిల్లువాడు కలిపిన పావువంతు పాల రబ్బరును కూడా, పొగ చివర్లో వచ్చే తియ్యదనం వల్ల పట్టేసేది. ఫ్యాక్టరీలో ముక్కాయన మాత్రం ఇప్పుడు, డబ్బాతో వచ్చిన ఆవిడ గుట్టుగా వాసన చూసి చెప్పాక, మధ్యాహ్నం భోజనం అయ్యాకే తీర్పు చెప్పేవాడు. "ఖాళీ కడుపు మీద వాసన సరిగ్గా అందదు" అన్నాడు. పనివాళ్లు ఆహా అనుకున్నారు. ఇద్దరు కుర్రాళ్లు తాము కూడా తిన్నాకే వాసన చూడడం మొదలుపెట్టారు. సిమెంటు ఫ్యాన్ల కింద ఆవిడ ఎంచిన దిమ్మలు వేసవి దాటినా చెక్కుచెదరలేదని కబురొచ్చింది. యజమాని ముక్కాయనకి అందరి ముందూ శాలువా కప్పాడు. ఆ శాలువా ఇంటికొచ్చాక ఆవిడే మడతపెట్టి పెట్టెలో పెట్టింది. దాన్ని ఒకసారి తన భుజాల మీద వేసుకుని కూడా చూసుకుంది.

ఆ సాయంత్రమే అడిగింది. "మరి అమ్మాయి?"

ఏరు దాటాక తెప్ప తగలేసే మనుషుల్ని మీరూ చూసే ఉంటారు. ముక్కాయన పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు. "ఏమిటీ, బేరమా? అప్పుడేదో నోటికొచ్చింది అన్నాను. ఆ పరాయి కంపు మళ్లీ నా గుమ్మంలోకా?"

"మీకు కంపు తెలీదు కదండీ" అంది ఆవిడ.

చెంప మీద కొట్టాడు. గట్టిగా కాదు, అలవాటుగా. ఆవిడ కింద పడిన గిన్నె తీసి, నేల తుడిచి, వెళ్లి పడుకుంది. దేనికి చస్తుందో తెలుసుకో, అని మొగుడు చెప్పిన పాఠం గురించి చాలాసేపు ఆలోచించింది. ఈయన ఆకలికి చావడు. రోగానికి చావడు, అది తను స్వయంగా పరీక్షించి చూసింది. తిట్టినా చావడు. ఈయన చచ్చేది నవ్వుకి. పదిమంది నవ్వితే ఒక్క పూట కూడా బతకడు.

ఆ అవకాశం మట్టి తోడే ఓడ రూపంలో వచ్చింది. సముద్రం అడుగున మట్టి తవ్వి తోడే పెద్ద ఓడ అది. దాని ఇంజన్ గదిలో కాళ్ల కింద వేడి నూనె, గాలి నిండా ఉప్పు, పగలూ రాత్రీ ఆగని అదురు. ఎవరి దగ్గరో కొన్న దిమ్మలు నూనె తాగి ఉబ్బి మెత్తబడి, ఇంజన్ ఒరిగి, మెకానిక్ ఒకతని మోకాలు నుజ్జయింది. ఓడ ఇంజనీరు ఈసారి ఎవరి మాటా నమ్మదలచుకోలేదు. తనే వస్తానన్నాడు. మూడు మిల్లుల నుంచి మూడు పలకలు తెప్పించండి, మీ ముక్కాయన నా కళ్లముందు వాసన చూసి ఎంచాలి, పొద్దున్నే, అన్నాడు.

పొద్దున్నే అనేసరికి ముక్కాయన మొహంలో నెత్తురు లేదు. మధ్యాహ్నం వచ్చే డబ్బా పొద్దున్నే రావడం ఎలా? ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "ఏమోయ్" అన్నాడు. పెళ్లైన కొత్తల్లో తప్ప ఆవిడని ఎప్పుడూ అలా పిలవలేదు. "రేపు నువ్వు పొద్దున్నే డబ్బా తీసుకురా. నాకు ఒంట్లో బాగాలేదు, త్వరగా తినాలని చెప్తాను. కిటికీ పక్కన కూర్చో, గాలి అటే వీస్తుంది, పొగ నీకు అందుతుంది. మూడు ముక్కలూ కాలుస్తాను. సరైంది కాలినప్పుడు డబ్బాని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చు. ఇంకేమీ చేయక్కర్లేదు."

"అలాగేనండీ."

"ఇది అయ్యాక అమ్మాయిని పిలుస్తాను. ఒట్టు."

"అలాగేనండీ" అంది మళ్లీ. అన్నం కలిపి పెట్టింది. ఆ రాత్రి మాత్రం మంచి అన్నమే పెట్టింది.

పొద్దున షెడ్డు నిండా జనం. యంత్రాలు ఆపేశారు. యజమాని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఓడ ఇంజనీరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పొట్టి మనిషి, మాట తక్కువ. బల్ల మీద మూడు నల్లటి పలకలు, మూడింటి మీదా 'నూనె' అని ఒకే సుద్ద రాత. ముక్కాయన శాలువా కప్పుకొచ్చాడు, పట్టకారు పట్టుకున్నాడు. డబ్బా పిన్ని కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది. డబ్బా ఎడమ చేతిలో ఉంది.

మొదటి ముక్క కాలింది. పొగ తేలుతూ వచ్చింది. గొంతులో చేదుగా గుచ్చుకుంది. అచ్చమైన నూనె రబ్బరు, అంత శుభ్రమైనది ఆవిడ ఈ మధ్య చూడలేదు. ముక్కాయన కళ్లు సగం మూసి, రెప్పల కిందనుంచి ఆవిడ చేతులకేసి చూశాడు. ఆవిడ కదల్లేదు.

రెండో ముక్క. చేదు, ఆ చేదు అడుగున సన్నగా తియ్యదనం. కల్తీ. ఇక్కడ డబ్బా మార్చి ఉంటే షెడ్డులో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. దిమ్మలు ఓడెక్కేవి, నెలల తర్వాత ఎవడి కాలో నలిగేది, ముక్కాయన పేరు అప్పుడు పోయేది. ఆవిడ అంతదాకా ఆగదలచుకోలేదు. పైగా తను లేనప్పుడు, తను చూడకుండా పోతే ఏం లాభం? కదల్లేదు.

మూడో ముక్క అంటుకుంది. ముక్కాయన ఊదాడు. ఊదేసిన కొవ్వొత్తి వాసన షెడ్డంతా పరుచుకుంది. ఎండ రబ్బరు. నూనెలో పెడితే రెండు వారాల్లో ముద్దయ్యే రకం. అచ్చులు తుడిచేవాడికి కూడా తెలుసు ఆ వాసన. అందరి మొహాల్లోనూ చిరునవ్వు మొదలైంది, ముక్కాయన దీన్ని విసిరేసి ఆ మిల్లువాణ్ణి నాలుగు తిట్లు తిడతాడని.

డబ్బా పిన్ని డబ్బాని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది.

ముక్కాయన కళ్లు మూసుకుని ఛాతీ నిండా పీల్చాడు. "ఆహా" అన్నాడు. "ఇదండీ నూనె రబ్బరంటే. ఇదే వేయండి. ఓడ మునిగినా దిమ్మ చెడదు."

ఎవరూ మాట్లాడలేదు. అది మామూలు నిశ్శబ్దమేననుకుని ఆయన శాలువా సర్దుకున్నాడు. వెనకనుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత ఇంకొకడు. యజమాని దగ్గరికొచ్చి, "ఏంటి, వేళాకోళమా?" అన్నాడు మెల్లగా. ఓడ ఇంజనీరు పట్టకారులోని ముక్క వైపు చెయ్యి చూపించాడు. "కొవ్వొత్తి వాసన నాకే వస్తోందయ్యా. నీకు రావట్లేదా?"

అప్పుడు షెడ్డు బద్దలయ్యేలా నవ్వారు. ఎన్నో ఏళ్ల పొగ ఆ నవ్వులో బయటికొచ్చింది. ఆయన మెడ పట్టి వంచిన ప్రతివాడూ నవ్వాడు. ముక్కాయన నోరు తెరిచి, ఒక్కొక్కళ్ల మొహం చూస్తూ, చివరికి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఇది!" అని వేలెత్తి అరిచాడు. "ఇన్నాళ్లూ చెప్పింది ఇదే! నాకు వాసన పోయింది, ఇదే చూసి చెప్పేది, సిమెంటు ఫ్యాన్లకి కూడా ఇదే... అడగండి, కావాలంటే అడగండి!"

అందరూ ఆవిడకేసి తిరిగారు. ఒక్క మాట చాలు. మొదటి పలక అచ్చమైనది, రెండోది కల్తీ, అని చెప్తే ఆ పీట అక్కడికక్కడే ఆవిడదయ్యేది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాకేం తెలుసండీ రబ్బర్ల గురించి" అంది. కళ్లు ఒత్తుకుంది. "జ్వరం వచ్చినప్పట్నుంచీ ఇలాగే, పాపం. ఇంట్లో కూడా ఏదేదో మాట్లాడతారు."

చచ్చాడు. నడుస్తున్నాడు, తింటున్నాడు, కానీ ముక్కాయన ఆ పూట చచ్చాడు. యజమాని దయగలవాడు కనక వెళ్లగొట్టలేదు, దిమ్మల అంచుల్లో మిగిలే పనికిరాని రబ్బరు పీచు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. దయ అంటే ఏమిటో అక్కడ చూడాలి. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఏదో ఒకటి ఆయన ముక్కు కింద పెట్టేవారు. "ఇదేంటి మామయ్యా?" చెప్పు, చెత్త, ఒకసారి చచ్చిన ఎలుక. ఆయన తల వంచుకుని కత్తిరించుకుంటూ పోయేవాడు. డబ్బా పిన్ని రోజూ భోజనం తెచ్చి, ఎదురుగా కూర్చుని, అంతా చూసి వెళ్లేది. జాలి వేసిందా అంటే, వేయలేదు.

ఒక పొద్దున ఆయనకి కంచం పెట్టి, "అమ్మాయిని తీసుకొస్తున్నాను" అంది. ఆయన నమలడం ఆపలేదు. అడ్డం చెప్పే ముక్కు ఇక లేదు కదా.

కూతురి ఇంటికి రెండు బస్సులు మారి వెళ్లాలి. కింద బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం, పైన కాపురం. దుకాణం మొగుడూ పెళ్లాలదే. అద్దాల తలుపు వెనక తెల్లటి దుప్పట్లు, చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. కూతురు కాస్త ఒళ్లు చేసింది, జుట్టు కత్తిరించుకుంది. కౌంటరు వెనకనుంచి చూసి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, బయటి మెట్టు మీదకి వచ్చింది. తలుపు వెనకాలే మూసింది.

"నాన్న ముక్కు పోయిందే" అంది తల్లి. అన్ని సంవత్సరాల తర్వాత మొదటి మాట అది. "పూర్తిగా పోయింది. అందరూ నవ్వుతున్నారు. ఇక నిన్ను ఒక్క మాట అనేవాడు లేడు. రా, ఇంటికి పోదాం."

కూతురు ఆశ్చర్యపోలేదు. "నాన్న ముక్కు అబద్ధం చెప్పలేదమ్మా. అది పరాయింటి సబ్బే. స్నేహితురాలి ఇంట్లో స్నానం చేసొచ్చేదాన్ని, రోజూ."

"స్నేహితురాలి ఇంట్లోనా! ఎందుకే? మనింట్లో నీళ్లు లేవా?"

"మనిల్లంతా కాలిన రబ్బరు కంపు కదమ్మా. నాన్న ఇంట్లో కూడా ముక్కలు కాల్చేవాడు, నా బట్టలకీ జుట్టుకీ పట్టేది. క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు."

తల్లికి గుండెల మీదనుంచి బండ దింపినట్టయింది. నవ్వొచ్చింది కూడా. "ఇంతేనా! పిచ్చిపిల్లా, ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"నీ దగ్గర కంపు కొడుతోంది నాన్నా అని ఆయన మొహం మీద చెప్పమంటావా? బాధపడతాడనుకున్నాను." కూతురు గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు అడుగుతావనుకున్నాను. మూడు రోజులు చూశాను. నువ్వు రాత్రి నా పక్కనే పడుకుని, నేను నిద్రపోయాననుకుని, నా జుట్టు వాసన చూశావు. అడగలేదు."

డబ్బా పిన్ని చెయ్యి చాచి కూతురి చెంప ముట్టుకోబోయింది. కూతురు ఒక మెట్టు వెనక్కి వేసింది. అద్దం వెనక చిన్నపిల్ల ఒకతి వచ్చి నిలబడింది, తల్లి పోలికే. తలుపు తోసుకుని బయటికొచ్చి, ఈ కొత్తావిడని చూసి, ముక్కు రెండు వేళ్లతో నొక్కుకుంది. "అమ్మా, ఛీ, ఏదో కాలుతోంది" అంది.

"లోపలికి వెళ్లు" అంది కూతురు. పిల్ల వెళ్లాక తల్లివైపు తిరిగింది. "లోపలికి రమ్మనలేనమ్మా. జనం బట్టలు వేలాడుతున్నాయి, పట్టేస్తుంది. మళ్లీ అన్నీ ఉతకాలి."

"ఏం పట్టేస్తుందే?"

కూతురు చెప్పలేదు. డబ్బా పిన్ని తన అరచేతులు ముక్కుకి ఆనించుకుని పీల్చింది. కొంగు తీసి పీల్చింది. ముంజేయి పీల్చింది. ఎక్కడా ఏమీ లేదు. "ఏ వాసనా లేదే" అంది, "బస్సెక్కే ముందే స్నానం చేశాను, ఒట్టు, కావాలంటే చూడు" అని రెండు చేతులూ కూతురి మొహం ముందు పెట్టింది.

కూతురు ఊపిరి బిగబట్టి నిలబడింది, ఆవిడ చేతులు దించేదాకా.